క్యాంపింగ్ స్టవ్‌లో ఏ ఇంధనం? ముందు బెంగళూరు నుంచి ఎలా వెళ్తున్నారో తేల్చుకోండి

క్యాంపింగ్ స్టవ్‌ల గురించి ఎక్కడ చదివినా ఒకటే కొలత కనిపిస్తుంది. లీటరు నీళ్లు మరగడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని గ్రాముల ఇంధనం ఖర్చయింది. వేడినీళ్లు పొట్లంలో పోసి, మూత మడిచి, పది నిమిషాలాగి తినేసేవాళ్లకి ఆ కొలత చాలు. మన వంట నీళ్లు మరిగాకే మొదలవుతుంది. ఎసరు మరిగాక బియ్యం పడాలి, మంట సిమ్‌లోకి రావాలి, పప్పు బద్ద మెత్తబడాలి, పోపు మాడకూడదు. మారతహళ్లిలో శుక్రవారం రాత్రి కారెక్కి తెల్లారేసరికి గండికోట చేరిన నలుగురికి మూడు నిమిషాల్లో మరిగిన నీళ్లతో పెద్ద పనేమీ ఉండదు. కావలసింది పదిహేను నిమిషాల పాటు నిలకడగా నిలిచే చిన్న మంట.

అయినా వేడి లెక్క ఒకసారి చూసి పక్కన పెట్టేయడం మంచిది, ఎందుకంటే వాదనలన్నీ దాని చుట్టూనే తిరుగుతుంటాయి. కిలో ఎల్పీజీ కాలిస్తే సుమారు 46 మెగాజౌళ్ల వేడి వస్తుంది. కిరసనాయిలు 43, పెట్రోలూ దాదాపు అంతే. సైనికుల కిట్లలో కనిపించే హెక్సమిన్ బిళ్లలు 30, ఇథనాల్ స్పిరిట్ 27, మిథనాల్ 20, బాగా ఎండిన కట్టెలు 16 నుంచి 18. బెంగళూరు ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 25 డిగ్రీల నీళ్లు లీటరు తీసుకుని అక్కడిదాకా వేడిచేయడానికి 300 కిలోజౌళ్లు కావాలి. మంటలో సగం వేడి గిన్నెకి చేరి, మిగతా సగం గాలిపాలైందనుకుంటే 13 గ్రాముల గ్యాస్ సరిపోతుంది. ఇథనాల్ అయితే 22 గ్రాములు, మిథనాల్ 30 గ్రాములు. అంటే రెండు రోజుల ట్రిప్పు మొత్తానికి గ్యాస్‌కీ స్పిరిట్‌కీ తేడా రెండు మూడు టమాటాల బరువు. నెల రోజులు కొండల్లో నడిచేవాడికి ఇది పెద్ద విషయమే. శనివారం వెళ్లి ఆదివారం రాత్రికి సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లకి అసలు విషయమే కాదు.

తేడా వేరేచోట ఉంది. బెంగళూరు నుంచి సొంత బండిలో వెళ్తున్నారా, రైలా, విమానమా? ఏ ఇంధనం కొనాలన్న ప్రశ్న సగానికి పైగా అక్కడే తేలిపోతుంది.

సొంత కారైతే బ్యూటేన్ డబ్బాకి మించింది లేదు. రెండు రకాలొస్తాయి. హెయిర్ స్ప్రే డబ్బాలా పొడుగ్గా ఉండి మూతి దగ్గర సన్నటి ముక్కుండేది ఒకటి. ఇందులో 220 నుంచి 230 గ్రాముల గ్యాస్ ఉంటుంది, పెట్టెలా మూసి పట్టుకెళ్లే టేబుల్ స్టవ్‌లో పడుకోబెడతారు. పొట్టిగా, బోర్లించిన గిన్నెలా ఉండి పైన మర ఉండేది రెండోది. దాని నెత్తిమీదే చిన్న బర్నర్ బిగిస్తారు. పొడుగు డబ్బా చవక, పొట్టి డబ్బా కాస్త ఖరీదు. కానీ పొట్టి దానిలో ఒక సుఖం ఉంది: బర్నర్ విప్పగానే వాల్వు దానంతట అదే మూసుకుంటుంది, సగం వాడిన డబ్బాని సంచిలో వేసుకోవచ్చు.

పొడుగు డబ్బా మూతి చుట్టూ ఉండే రేకు పట్టీని చాలామంది గమనించరు. దానికి ఒకచోట చిన్న నొక్కు ఉంటుంది. స్టవ్‌లో పెట్టేటప్పుడు ఆ నొక్కు పైకి ఉండాలి. డబ్బా లోపల ఒక వంకర గొట్టం ఉంటుంది. నొక్కు పైకి ఉంటే గొట్టం చివర కూడా పైకి తిరిగి, ద్రవానికి పైన ఉన్న ఆవిరిని లాగుతుంది. నొక్కు కిందికి పెడితే గొట్టం ద్రవంలో మునుగుతుంది, బర్నర్‌కి గ్యాస్ బదులు ద్రవమే వస్తుంది, మంట ఒక్కసారిగా పసుపు రంగులో మోకాలెత్తు లేస్తుంది. స్టవ్ చెడిపోయిందనుకుని తిట్టుకునే సందర్భాల్లో చాలా వాటికి కారణం ఈ నొక్కే.

బ్యూటేన్ మీద అందరూ చెప్పే నింద, చలికి పనిచేయదని. నిజమే. మామూలు బ్యూటేన్ మరిగేది సున్నాకి అర డిగ్రీ కింద. అంతకన్నా చల్లబడితే డబ్బాలో ద్రవంగానే కూర్చుంటుంది, గ్యాస్‌గా మారదు. కానీ ఈ నింద దక్షిణాదికి ఎంత వర్తిస్తుంది? వాతావరణ శాఖ రికార్డుల్లో బెంగళూరు చూసిన అత్యంత చల్లటి రోజు 1884 జనవరి 13, ఆ రోజు 7.8 డిగ్రీలు. అప్పుడు కూడా బ్యూటేన్ వెలిగేది. కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తయిన ముళ్లయ్యనగిరి 1,930 మీటర్లే. స్కందగిరి, సావనదుర్గ, మాకళిదుర్గ లాంటివి ఇంకా తక్కువ. డిసెంబరులో లంబసింగి వెళ్తే మాత్రం కథ మారుతుంది. అక్కడ తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకి దిగే రోజులుంటాయి, టీ పెట్టేసరికి మంట నీరసించిపోతుంది.

అలా నీరసించడానికి బయటి చలి ఒక్కటే కారణం కాదు. ద్రవం గ్యాస్‌గా మారాలంటే దానికి వేడి కావాలి, ఆ వేడిని అది డబ్బా నుంచే లాక్కుంటుంది. పెద్ద మంట మీద ఏడెనిమిది నిమిషాలు వండాక డబ్బాని ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంటుంది. ఒంటి మీద సన్నటి నీటిబొట్లు పడతాయి, అవి కూడా డబ్బా అంతటా పట్టవు, లోపల ద్రవం ఎంతవరకు ఉందో అక్కడిదాకానే. గ్యాస్ ఎంత మిగిలిందో చూపించే గీత అది. మంట తగ్గినప్పుడు చేయాల్సింది చాలా చిన్న పని: డబ్బా అడుగుని పళ్లెంలో పోసిన గోరువెచ్చటి నీళ్లలో నిలబెట్టడం. చేతికి హాయిగా ఉండే వెచ్చదనం చాలు, వేడినీళ్లు వద్దు. డబ్బా మీదే బర్నర్ ఉండే రకానికి గాలి అడ్డం కోసమని చుట్టూ రేకు కట్టేవాళ్లున్నారు. అది ఇంకా పెద్ద తప్పు, మంట వేడంతా డబ్బా మీదికి తిరుగుతుంది. గాలి వచ్చే వైపు మాత్రం ఒక బ్యాగో రాయో అడ్డం పెట్టుకోవాలి.

గాలికి అడ్డం ఎందుకంటే, పెన్నా లోయ అంచున సాయంత్రం వీచే గాలిలో ఇంధనం ఖర్చు సులువుగా రెట్టింపవుతుంది. నలుగురికి రెండుసార్లు టీ, రాత్రికి అన్నం, చిన్న కుక్కర్‌లో పప్పు, పొద్దున ఉప్మా అనుకుంటే గాలి లేనిచోట 95 గ్రాముల దాకా అవుతుంది. గాలిలో 150 దాటొచ్చు. ఎలా చూసినా 230 గ్రాముల డబ్బా ఒకటి సరిపోతుంది, రెండోది టెన్షన్ లేకుండా ఉండటానికి.

దక్షిణాదిలో బ్యూటేన్‌తో అసలు గొడవ చలి కాదు, ఎండ. డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. ఏప్రిల్‌లో కడప జిల్లా ఎండలో అద్దాలు బిగించి నిలిపిన కారు లోపల ఆ అంకె దాటడానికి ఎక్కువసేపు పట్టదు. డ్యాష్‌బోర్డ్ మీద, వెనక అద్దం కింద అసలు పెట్టకూడదు. నీడలో, తడిగుడ్డ చుట్టి, వీలైతే డేరా దగ్గరే చెట్టు కింద పెట్టుకోవడం మేలు.

ఖాళీ డబ్బాలో ఇంటి సిలిండర్ గ్యాస్ ఎక్కించుకుంటే పోలేదా అనే ఆలోచన బెంగళూరులో కొత్తేమీ కాదు. పీజీలు, బ్యాచిలర్ రూములు ఎక్కువున్న సందుల్లో చిన్న సిలిండర్లు నింపిచ్చే కొట్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒక సిలిండర్‌లోంచి ఇంకోదానిలోకి గ్యాస్ మార్చడం 2000 నాటి ఎల్పీజీ సరఫరా ఉత్తర్వు ప్రకారం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, క్యాంపింగ్ డబ్బా విషయంలో లెక్క భయంకరంగా ఉంటుంది. ఆ పల్చటి రేకు డబ్బా బ్యూటేన్ కోసం చేసింది. 40 డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఒత్తిడి నాలుగు బార్ లోపే (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఇంటి గ్యాస్‌లో ప్రొపేన్ కూడా బాగా కలిసుంటుంది, అదే 40 డిగ్రీల్లో ప్రొపేన్ ఒక్కదానిదే 13 బార్ దాటుతుంది. నాలుగు పాళ్లు ప్రొపేన్, ఆరు పాళ్లు బ్యూటేన్ ఉన్న మిశ్రమం ఎనిమిది బార్ దగ్గరికి వెళ్తుంది. అంటే రేకు అదే, లోపల ఒత్తిడి రెట్టింపు. పైగా ఎంత నింపారో తెలియదు. పైన కాస్త ఖాళీ వదలకుండా నింపితే, ఎండకి ద్రవం ఉబ్బడానికి చోటే ఉండదు. వంద రూపాయలు మిగిల్చుకోవడానికి చేసే పనుల్లో ఇంతకన్నా తెలివితక్కువది వెతికినా దొరకదు.

పదీ పన్నెండుమంది కలిసి వెళ్తుంటే చట్టబద్ధమైన దారి ఒకటుంది. పెట్రోలు బంకుల్లో, కొన్ని కిరాణా కొట్లలో గుర్తింపు కార్డు చూపిస్తే ఇచ్చే 5 కిలోల సిలిండర్; ఇండియన్ ఆయిల్ వాళ్లు 2020 డిసెంబరులో దానికి ఛోటూ అని పేరు పెట్టారు. నిండుగా ఉంటే పది కిలోలు దాటుతుంది కాబట్టి కొండెక్కించే వస్తువు కాదు. కారు పక్కనే వంట అయితే మాత్రం బిర్యానీ కూడా వండొచ్చు. సిలిండర్ నెత్తిమీదే బిగించే బర్నర్ వాడితే గిన్నె మరీ ఎత్తులో కూర్చుంటుంది, అన్నం కలియబెట్టేటప్పుడు ఒరుగుతుంది. రెగ్యులేటర్, ట్యూబు, నేల మీద పెట్టే పొయ్యి ఉంటే నయం.

ఇప్పుడు అదే బృందం కారు వదిలేసి రైల్లో విశాఖపట్నం వెళ్లి, అక్కణ్నుంచి లంబసింగి వెళ్దామనుకుందనుకోండి. పైన చెప్పిన డబ్బాలు ఒక్కటీ పనికిరావు. మండే వస్తువులు రైల్లో తీసుకెళ్తే 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలే కదా అనిపించొచ్చు. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న పర్యాటకుల బోగీ తగలబడింది. లక్నో నుంచి యాత్రకి వచ్చినవాళ్లు, గుట్టుగా తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్ మీద వంటకి దిగినప్పుడు మంటలు లేచాయి. తొమ్మిదిమంది చనిపోయారు. బోగీ కదలడం లేదు, పక్కనే స్టేషన్, అయినా తప్పించుకోలేకపోయారు.

స్లీపర్ బస్సుల విషయంలో తెలుగువాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది పోయారు. కారణం వంటగ్యాస్ కాదు, బస్సు కల్వర్టుని గుద్దుకోవడం. కానీ ఒకసారి అంటుకున్నాక తలుపు దాకా పాకడానికి ఎంత సమయం దొరుకుతుందో ఆ రోజు తెలిసింది. పై బెర్తు మీద బ్యాగులో బ్యూటేన్ డబ్బా పెట్టుకుని పడుకోవడమంటే మిగతా ముప్పైమంది తరఫున కూడా నిర్ణయం తీసుకోవడమే.

విమానంలో అయితే ప్రశ్నే లేదు. గ్యాస్ డబ్బా చేతి సంచిలోనూ కుదరదు, చెక్-ఇన్ బ్యాగులోనూ కుదరదు. స్టవ్ ఒక్కటే తీసుకెళ్లాలన్నా శుభ్రంగా, ఇంధనం వాసన లేకుండా ఉండాలి. పెట్రోలో కిరసనాయిలో వాడిన స్టవ్ అయితే ట్యాంకు ఖాళీచేసి కడిగి, ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి. దేవనహళ్లి విమానాశ్రయం దాకా క్యాబ్ డబ్బులు పెట్టుకుని వెళ్లి, స్కానర్ దగ్గర కొత్త డబ్బా వదిలేసి రావడం చాలామంది నేర్చుకున్న పాఠమే.

అందుకే రైలు, విమానం ప్రయాణాలకి ఇంధనం ఎంచుకునేది బెంగళూరులో కాదు, దిగిన ఊళ్లో. మనాలి, లేహ్ లాంటిచోట మర ఉన్న గ్యాస్ డబ్బాలు అమ్మే ట్రెకింగ్ కొట్లుంటాయి. విశాఖలోనో మడికేరిలోనో దొరుకుతాయన్న భరోసా లేదు, ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. దొరక్కపోతే అక్కడి కిరాణా కొట్లో, బంకులో ఏది దొరుకుతుందో దానితో వెలిగే స్టవ్ కావాలి. ఇక్కడికొచ్చేసరికి మన అమ్మమ్మల వంటింట్లోంచి కిరసనాయిలు మళ్లీ బయటికొస్తుంది.

పంపు స్టవ్ గుర్తున్నవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. బర్నర్ కింద ఉన్న చిన్న గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి వెలిగిస్తారు. బర్నర్ బాగా వేడెక్కాక పంపు కొడతారు. ట్యాంకులోంచి పైకెక్కిన కిరసనాయిలు ఆ వేడి గొట్టాల్లో ఆవిరై, సూదిమొనంత బెజ్జంలోంచి చిమ్ముకొచ్చి, బుస్సుమంటూ నీలి మంటగా కాలుతుంది. తొందరపడి ముందే పంపు కొడితే పచ్చి నూనె చిమ్ముతుంది, పసుపు మంట, ఇల్లంతా మసి. బెజ్జం పూడుకుపోతే పొడవడానికి ఒక పిన్ను. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ చేసిన ప్రైమస్ స్టవ్ ఇదే పద్ధతి. దక్షిణ ధ్రువానికి వెళ్లిన ఆముండ్‌సెన్ దగ్గరా అదే, 1953లో ఎవరెస్ట్ ఎక్కిన బృందం దగ్గరా అదే. మనవాళ్లు దాని మీద పెసరట్లు పోశారు.

అంతదూరం వెళ్లడానికి కారణం, కిరసనాయిలు ఒత్తిడి కోసం చలి మీదో వేడి మీదో ఆధారపడదు. ఒత్తిడి చేత్తో కొట్టిన పంపుది. మైనస్ ఇరవైలో కూడా ముందు బర్నర్‌ని వేడిచేస్తే వెలుగుతుంది. పైగా మామూలు గది వేడిలో ఒలికినా పెట్రోలులా భగ్గుమనదు. దాని కష్టాలూ తెలిసినవే: వాసన, మసి, వెలిగించే ఓపిక, సిమ్‌లో పెట్టడం రాకపోవడం. రకరకాల ద్రవ ఇంధనాలతో వెలిగే ఇప్పటి మల్టీఫ్యూయెల్ స్టవ్‌లు ఇదే ప్రైమస్‌ని మడతపెట్టి, ట్యాంకుని సీసాగా మార్చినవి. వాటిలో కొన్ని మంట తగ్గించనిస్తాయి, చాలావాటికి ఆ సుగుణం లేదు, కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. బెంగళూరులో రేషన్ కార్డు లేని ఐటీ ఉద్యోగికి కిరసనాయిలు దొరకడం మాత్రం గగనమే. రేషన్‌లో వచ్చేదానికి నీలం రంగు కలుపుతారు, తెల్లది బయట మార్కెట్లో వెతుక్కోవాలి.

కిరసనాయిలు దొరక్కపోతే అదే స్టవ్‌లో పెట్రోలు పోసుకోవచ్చని తయారీదార్లు చెప్తారు. చెప్తారు కానీ, ఆ మాట రాసింది ఏమీ కలపని పెట్రోలుని దృష్టిలో పెట్టుకుని. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో బెంగళూరులోనే మొదలైంది, ఇప్పుడు దేశమంతా అదే. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, కొన్ని రబ్బరు వాషర్లని ఉబ్బిస్తుంది. ఇంజిన్ కోసం కలిపే రసాయనాలు సన్నటి బెజ్జంలో పేరుకుంటాయి. బంకువాళ్లు సీసాలో పోయడానికి ఒప్పుకోరు కూడా. విదేశీ పుస్తకాల్లో పొగిడే వైట్ గ్యాస్ అనేది, పేరు గ్యాస్ అయినా, శుద్ధిచేసిన ద్రవ ఇంధనం. ఇక్కడ సులువుగా దొరకదు కాబట్టి దాన్ని మర్చిపోవచ్చు.

హిమాలయాలకి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ట్రెకింగ్ సంస్థలతోనే వెళ్తారు, వంటవాళ్లు వాళ్లే, సిలిండర్ వాళ్లదే. సొంతంగా వెళ్లేవాళ్లు మాత్రం డబ్బా మీద ఏ గ్యాస్ రాసుందో చదవాలి. ఐసోబ్యూటేన్ మైనస్ పన్నెండు దగ్గర మరుగుతుంది, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర. ఈ రెండూ కలిసిన డబ్బా చలికి తట్టుకుంటుంది. అందులోనూ మెలిక ఉంది: ప్రొపేన్ తేలిగ్గా ఆవిరవుతుంది కాబట్టి ముందు అదే ఎక్కువగా ఖర్చయిపోతుంది. మొదటి రోజు ఉరిమిన డబ్బా మూడో రోజు మూలుగుతుంది, లోపల గ్యాస్ ఉన్నా సరే. ఎత్తు మాత్రం కాస్త సాయం చేస్తుంది. నాలుగు వేల మీటర్ల మీద బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి బ్యూటేన్ ఇంకో పన్నెండు పదమూడు డిగ్రీల కింద దాకా గ్యాస్‌గా రాగలుగుతుంది. చలికి గ్యాస్ పనిచేయదన్న మాట కొండమీద పూర్తిగా నిజం కాకపోవడానికి కారణం ఇదే.

ఆ ఎత్తు గ్యాస్‌కి చేసిన మేలు పప్పుకి చేయదు. హిమాచల్‌లోని హంప్టా పాస్ అనే కనుమ ఎత్తు 4,270 మీటర్లు. అక్కడ నీళ్లు 86 డిగ్రీలకే మరుగుతాయి. ఎసరు తెర్లుతున్నట్టే కనిపిస్తుంది, బియ్యం పలుకుగానే ఉంటుంది, కందిపప్పు గంటసేపు మరిగినా బద్ద బద్దలాగే తేలుతుంది. రెండు లీటర్ల కుక్కర్ పెడితే లోపల 113 డిగ్రీల దాకా వెళ్తుంది. బరువని వదిలేసే ఆ కుక్కరే అక్కడ సగం ఇంధనం మిగులుస్తుంది. మోయలేకపోతే కందిపప్పు వదిలేసి, నానబెట్టిన పెసరపప్పు, అటుకులు.

స్పిరిట్ స్టవ్‌ని ఇష్టపడేవాళ్లు బాగానే ఇష్టపడతారు. డ్రింక్ టిన్ను కోసి ఇంట్లో చేసుకోవచ్చు, చప్పుడుండదు, చెడిపోవడానికి భాగాలే లేవు. ఒంటరిగా నడిచేవాడు టీ పెట్టుకోవడానికి చక్కటి వస్తువు. అన్నానికి మాత్రం పనికిరాదు, వెలిగిస్తే ఆరేదాకా ఒకటే మంట. ప్రమాదం ఇంకోచోట ఉంది. పగటి వెలుతురులో స్పిరిట్ మంట సరిగా కనిపించదు, మిథనాల్ అయితే దాదాపు కనిపించనే కనిపించదు. ఆరిపోయిందనుకుని సీసాతో మళ్లీ పోస్తారు, మంట ధార వెంబడి సీసాలోకి ఎక్కుతుంది. ఆరాక కూడా చల్లారేదాకా ఆగి, స్టవ్ పైన కాస్త ఎత్తులో చేయి అడ్డంపెట్టి సెగ లేదని తెలుసుకున్నాకే పోయాలి. ఏ స్పిరిటో కూడా చూసుకోవాలి. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. అలాంటి ద్రవాన్ని నీళ్ల సీసాలో పోసి, చీకట్లో నీళ్ల సీసాల పక్కనే పెట్టడం ఎంత తేలికగా జరిగిపోతుందో ఊహించుకోవచ్చు. ఐసోప్రొపైల్ రకం శానిటైజర్‌తోనో స్పిరిట్‌తోనో వండితే గిన్నె అడుగు నల్లగా మసి పడుతుంది.

హెక్సమిన్ బిళ్లలు అత్యవసరానికి మంచివి. చేపల వాసన, గిన్నెకి జిగురు మసి, కప్పు నీళ్లకి మించి ఆశించకూడదు.

కట్టెలు ఊరికే దొరుకుతాయి కదా అనేది చివరి వాదన. ఊళ్లో మూడు రాళ్ల పొయ్యి చూసి పెరిగినవాళ్లకి చితుకులు ఏరి నిప్పు రాజెయ్యడంలో ఉన్న సరదా వేరు. పొలంగట్టు మీదో, క్యాంపు నిర్వాహకులు ఒప్పుకున్న చోటో అయితే కాదనేదేముంది. రిజర్వు ఫారెస్టులో, అభయారణ్యంలో మాత్రం నిప్పు పెట్టడం నేరం. అభయారణ్యాల విషయంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో దీనికి విడిగా సెక్షనే ఉంది. 2019 ఫిబ్రవరిలో బందీపూర్‌లో వేల ఎకరాలు తగలబడ్డాయి. అంతకుముందు ఏడాది మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో అడవి అంటుకుని 20 మందికి పైగా ట్రెకర్లు చనిపోయారు. ఫిబ్రవరి నుంచి వానలు పడేదాకా ఇక్కడి కొండల మీద గడ్డి ఎంత ఎండి ఉంటుందంటే గ్యాస్ స్టవ్ పెట్టేటప్పుడు కూడా చుట్టూ మీటరు దూరం గడ్డి పీకి, రాయి మీద పెట్టుకోవాలి. అటవీ శాఖ టికెట్ తీసుకుని ఎక్కే దారుల్లో అసలు స్టవ్‌నే అనుమతించకపోవచ్చు, బుక్ చేసేటప్పుడే చూసుకోవడం మంచిది. అలాంటిచోటికి ఇంటి నుంచి కట్టుకెళ్లే పులిహోరని మించిన ఇంధనం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఏ ఇంధనమైనా డేరా లోపల మాత్రం వద్దు. వాన పడుతోందని జిప్పు మూసి టీ పెట్టడం నిప్పు ప్రమాదం ఒక్కటే కాదు. గాలి చాలకపోతే గ్యాస్ కూడా కార్బన్ మోనాక్సైడ్ ఇస్తుంది, దానికి రంగూ వాసనా లేవు, ముందు నిద్రమత్తులా ఉంటుంది. బెంగళూరులో కిటికీ లేని బాత్రూముల్లో గ్యాస్ గీజర్లు మనుషుల్ని చంపేది ఇలాగే. మంట కొసలు పసుపు రంగులోకి తిరిగాయంటే గాలి చాలడం లేదని అర్థం.

తిరిగొచ్చాక ఇంకో చిన్న పని మిగులుతుంది. సగం వాడిన డబ్బాని వంటింటి త్రాసు మీద పెట్టాలి. కొత్త డబ్బాని కూడా కొన్నరోజే తూచి ఉంటే, రెండిటి తేడా ఎంత వాడామో చెప్పేస్తుంది. మిగిలిన గ్రాములెన్నో డబ్బా మీద మార్కర్‌తో రాసి, పొయ్యికి దూరంగా, నీడపట్టున పెట్టేస్తే వచ్చే నెల ట్రిప్పుకి కొత్తది కొనాలో వద్దో వాదించుకోనక్కర్లేదు. పూర్తిగా ఖాళీ అయినదాన్ని బర్నర్ పెట్టి చివరి మంట ఆరేదాకా వెలిగించి, పొడి చెత్తతో విడిగా, ఇది గ్యాస్ డబ్బా అని చెప్పి మరీ ఇవ్వాలి. చెత్త తగలబెట్టే ఖాళీ సైటు ఏదో ఒకటి మన వీధి చివర కూడా ఉంటుంది.